నడిమి బంతి రోడ్డు వైపు వాడిది

నాలుగేళ్లుగా మా ఊళ్లో ఆ బంతి గురించి మాట్లాడని మనిషి లేడు. టీ అంగడి దగ్గర మాట్లాడారు, పెళ్లి భోజనాల్లో మాట్లాడారు. ఆ రోజు నెల్లూరికి రానే రానివాళ్లు కూడా అది ఎక్కడ పడిందో చేయి చాపి చూపించారు. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆ బంతికి రెండడుగుల దూరంలో రాకెట్ పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను. అవతలి పక్క రెండడుగుల దూరంలో నిలబడ్డవాడు నా జోడీ. అతన్ని నేనే అడిగాను, మూడుసార్లు. మూడుసార్లూ ఫోన్‌లో రెండు టిక్కులు నీలంగా మారాయి. జవాబు రాలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాయడం తప్ప నాకు వేరే దారి లేకపోయింది.

మా టెన్నిస్ కోర్టు బోగోలు నుంచి సముద్రానికి పోయే దారి తీరం వెంట మలుపు తిరిగేచోట ఉంది. పడమర రోడ్డు, తూర్పున సరుగుడు తోపు, తోపు దాటితే ఇసుక, ఆ పైన సముద్రం. ఆఫీసుల్లో పనిచేసే మేం పది మందిమి కలిసి వేసుకున్న సిమెంటు కోర్టు అది. నేను మండల సర్వేయర్ని. కొలత తప్పితే నాకు అన్నం సయించదు. గీతలు కొత్తగా వేసినప్పుడు ఒక పక్క జానెడు ఎక్కువ వచ్చింది. టేపు పెట్టి కొలిచి మా కోర్టు కార్యదర్శికి చూపించాను.

"బంతి లోపల పడేట్టు మీరు కొట్టండి సార్, గీత సంగతి మేం చూసుకుంటాం" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆ గీత ఇప్పటికీ అట్లాగే ఉంది. నేను కూడా దాన్ని మరిచిపోలేదు.

నా జోడీ మొదట మా కోర్టుకి ఆడటానికి రాలేదు. నెట్ చిరిగిపోతే బాగు చేయించడానికి పిలిపించాం. మత్స్యకారుల పాలెం మనిషి, నాకంటే పదేళ్లు చిన్న. తెల్లవారుజామున ఒడ్డున చేపలు కొని, ఐసు వేసి వ్యానులో పట్నానికి పంపుతాడు. పది గంటలకల్లా పని అయిపోతుంది. వల అల్లే సూది, నైలాన్ దారం తెచ్చుకుని, నెట్ ముందు గొంతుక్కూర్చుని చిరుగును వేళ్లతో తడిమి చూశాడు.

"ఎవురు కట్టినార్నా దీన్ని?"

"కంపెనీ నెట్టు" అన్నాను.

"కంపెనీవోళ్లు ఎప్పుడూ చేపలు పట్టినట్టు లేదే" అని పని మొదలుపెట్టాడు.

పని అయ్యాక పోలేదు. గోడ మీద కూర్చుని మా ఆట చూశాడు. ఆ రోజు నేను వరసగా రెండు సెట్లు ఓడాను. చెమట తుడుచుకుంటుంటే దగ్గరికి వచ్చాడు.

"ఒకటి అడగతా, ఏమనుకోవద్దు. నువ్వు బంతిని ఆ మనిషి ఉన్న తావుకే కొడతా ఉండావు. లేని తావుకి కొట్టకూడదా?"

పన్నెండేళ్లుగా ఆడుతున్నవాణ్ణి. కోపం వచ్చింది. రాకెట్ చేతికిచ్చి, "రా, కొట్టి చూపించు" అన్నాను. మొదటి వారం బంతులన్నీ సరుగుడు తోపులోకి పోయాయి. రెండో నెలకల్లా నేను వేరే ఎవరితోనూ ఆడటం మానేశాను.

పదకొండేళ్లు ఒకే జోడీగా ఆడాం. నేను ఎడమ పక్క, అతను కుడి పక్క. మా ఇద్దరికీ గట్టి సర్వీసు లేదు, పరుగు లేదు, టీవీలో కనిపించే దెబ్బలేవీ మా దగ్గర లేవు. ఉన్నదల్లా నా నోటుబుక్కు, అతని కళ్లు. నోటుబుక్కులో కోర్టును కొలత ప్రకారం గీసి, ఏ బంతికి ఏ బంతి జవాబో బాణాలు వేసేవాణ్ణి. సర్వీసును మూలకి కొట్టాలని తాపత్రయపడితే సగం నెట్‌కి తగులుతాయి. అదే నెమ్మదిగా అవతలి మనిషి పొట్టకి వేస్తే చేయి చాపడానికి చోటు లేక బంతిని పైకి లేపుతాడు. సర్వీసు తీసుకునేటప్పుడు ఎప్పుడూ ఐమూలగా కొట్టాలి, ఎందుకంటే నెట్ నడుమ కిందికి ఉంటుంది, ఐమూల దారి పొడుగు. కష్టంలో పడితే ఎత్తుగా లేపాలి, ఊపిరి తీసుకోవడానికి సమయం దొరుకుతుంది. ఇవన్నీ మా వయసువాళ్లు ఎవరైనా నేర్చుకోగలిగినవే. నేర్చుకోరు. ప్రతివాడికీ గీత మీద పడే దెబ్బ కావాలి.

మేం ఎక్కువ నమ్ముకున్నది మాత్రం ఒకటే. వరసగా రెండు బంతులు ఒకే మూలకి. వాళ్లలో ఒకడు ఆ మూలకి జరుగుతాడు, రెండోవాడు ఉన్నచోటే ఉంటాడు. ఇద్దరి నడుమా తలుపు తెరిచినట్టు అవుతుంది. మూడో బంతి ఆ నడిమికి. గట్టిగా కొట్టే పని లేదు. ఇద్దరూ నీదంటే నీదనుకుని చూస్తూ నిలబడతారు. ఈ ఒక్క వరసతో చుట్టుపక్కల ఊళ్లలో మేం ఓడించని జోడీ లేదు. డెంటిస్టు ఒకాయన ఉండేవాడు, చేతికి పట్టీ, తలకి పట్టీ, రెండు రాకెట్లు. వరసగా మూడుసార్లు ఆయన నడుమ నుంచి బంతి పోయాక, "ఇది టెన్నిస్ కాదండీ, దొంగతనం" అన్నాడు.

"అవున్సార్, తాళం మీరే ఎయ్యలా" అన్నాడు నా జోడీ.

మాకు మాత్రం నడిమి బంతితో తగాదా లేదు. అందరూ చెప్పే లెక్క ప్రకారం ఇద్దరూ కుడిచేతి వాటం అయితే నడిమి బంతి ఎడమ పక్కవాడిది, వాడి కుడిచేతి దెబ్బ, అంటే ఫోర్‌హ్యాండ్, నడుమకి వస్తుంది కాబట్టి. మా కోర్టులో అది కుదరలేదు. సాయంత్రం నాలుగున్నరకి మేం దిగేసరికి తూర్పు గాలి పట్టుకుంటుంది. నేను కొట్టబోయే బంతి చివరి క్షణంలో రోడ్డు వైపుకి జరిగిపోయేది. రెండు రాకెట్లు ఢీకొని ఒకటి విరిగింది కూడా. అప్పుడు అతనే అన్నాడు.

"గాలి ఎవురి దగ్గిరికి తీసకపోతే వాళ్లు తీసుకుందాం. సరిపోతాదిగా."

నేను నోటుబుక్కులో రాసుకున్నాను: నడిమి బంతి రోడ్డు వైపు వాడిది. అటూ ఇటూ కోర్టు చివరలు మారినప్పుడల్లా ఒకసారి అతను రోడ్డు వైపు, ఒకసారి నేను. ఆ తర్వాత మేం కోర్టులో నోరు విప్పాల్సిన అవసరం రాలేదు. మిగిలిన జోడీలు 'నాది నాది', 'వదులు వదులు' అని సంతలో అరిచినట్టు అరిచేవాళ్లు. మేం పదకొండేళ్లు అరవలేదు. అదొక గర్వం మాకు.

ఆట అయ్యాక సిమెంటు చల్లబడేదాకా అక్కడే కూర్చునేవాళ్లం. నాకు ఆ కూర్చోవడమే ఎక్కువగా గుర్తొస్తుంది. బూట్లు విప్పేసి కాళ్లు చాపుకుని, ఆ రోజు ఆడిన ఆటను మొదటి బంతి నుంచి మళ్లీ ఆడేవాళ్లం. అతనికి ప్రతి బంతీ గుర్తుండేది. సరుగుడు కొనలు తూర్పు నుంచి పడమరకి వంగి ఉండేవి. వాటిని చూస్తూనే రేపు పడవలు ఎప్పుడు తిరిగొస్తాయో చెప్పేవాడు.

"నువ్వు పడవ మీద పోవు కదా, గాలి సంగతి ఎట్టా తెలుస్తాది?" అని ఒకసారి అడిగాను.

"ఒడ్డున నిలబడి చూసేవోడికే ఎక్కువ తెలుస్తాదిన్నా" అన్నాడు. తర్వాత తల తిప్పకుండా చెప్పాడు. "నేను పడవెక్కితే కడుపులో ఉండేదంతా బయటికొస్తాది. పదారేళ్లప్పుడు మా నాయన నాలుగు రోజులు తీసకపోయి చూసినాడు. ఐదో రోజు ఒడ్డున దించేసి, నువ్వు ఆడోళ్లతో గంపలు మొయ్యి పో అన్నాడు. చానా ఏళ్లు నాతో సరిగా మాట్లాడలా. ఎవురికీ చెప్పబాక."

చెప్పనన్నాను.

నెల్లూరు పోటీ నలభై ఐదేళ్లు దాటినవాళ్లకి డబుల్స్. వేసవి చివర. మేం అంతకుముందు ఎప్పుడూ పొద్దునపూట కలిసి ఆడలేదు. పొద్దున అతను ఒడ్డున ఉంటాడు, నేను పొలాల్లో కొలత గొలుసు పట్టుకుని ఉంటాను. సెమీఫైనల్ ఏడు గంటలకి పెట్టారు. చుట్టూ ఊరు, దిక్కులు తెలియని చోటు. నేను సూర్యుణ్ణి చూసి దిక్కు పట్టుకుని, పడమర వైపున్న నీళ్ల ట్యాంకు చూపించాను.

"తమ్ముడూ, ఈడ రోడ్డు లేదు. ఆ ట్యాంకు వైపు రోడ్డనుకో."

"సరేన్నా" అన్నాడు.

సరేనన్నాడు. ఈ మాట ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేను చెప్పాను, అతను సరేనన్నాడు.

ఏడు గంటలకి ఆకు కదల్లేదు. మొదటి సెట్టు మాది, రెండోది వాళ్లది. మూడో సెట్టు మొదలయ్యేసరికి తొమ్మిది దాటింది, ఎండ ముదిరింది, ముఖం మీద వేడి తగులుతోంది. అది ఎండ వేడి అనుకున్నాను. వాళ్లు ఆరు, మేం ఐదు. వాళ్ల సర్వీసు, నలభై ముప్పై; ఈ పాయింటు పోతే ఆట పోయినట్టే. మేం ఉత్తరం చివర ఉన్నాం, అంటే నేను తూర్పున, అతను ట్యాంకు వైపు. సర్వీసు నాకు వచ్చింది. ఐమూలగా, కిందుగా కొట్టాను. ఇద్దరం నెట్ దగ్గరికి వెళ్లాం. అతను ఒకటి నేల తాకకముందే వాలీ కొట్టాడు, నేను ఒకటి కొట్టాను. తర్వాతది మా ఇద్దరి నడుమకి వచ్చింది. నడుమెత్తులో, నెమ్మదిగా, పిల్లలకి విసిరినట్టు వచ్చింది. నేను వదిలేశాను. అది అతనిది. అతను వదిలేశాడు. బంతి మా మధ్య నుంచి పోయి వెనక రెండుసార్లు గెంతింది. ఇద్దరం తిరిగి దాన్నే చూశాం. ఓడిపోయాం.

"గాలి మారింది కదన్నా" అన్నాడు. మెల్లగా, నాకు మాత్రమే వినిపించేట్టు.

అప్పుడు నాకు అది అర్థం కాలేదు. తప్పించుకుంటున్నాడనుకున్నాను. షామియానా కింద భోజనాల పొట్లాలు విప్పుతూ పది పన్నెండు మంది కూర్చున్నారు. డెంటిస్టు కూడా ఉన్నాడు. "ఏంది సార్, ఇయ్యాళ తాళం మీరే మరిచిపోయినారే" అన్నాడు. నవ్వారు. గీత సంగతి అడిగిన రోజు నవ్వినట్టే నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"నన్నడగతారేంది? మనోణ్ణి అడగండి. వల్లోకొచ్చిన చేపని వదిలేసినాడు. అందుకే వాళ్ల నాయన పడవలోంచి దించేసి గంపలు మోసుకోమన్నాడు" అన్నాను.

ఇంకా ఎక్కువ నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు. అతను కూడా నవ్వినట్టే ముఖం పెట్టాడు. పొట్లం మడిచి పక్కన పెట్టాడు.

అతని వ్యానులోనే వెనక్కి వచ్చాం. మా ఇంటి గేటు దగ్గర నా సంచి అతనే దించాడు. "వస్తాన్నా" అన్నాడు. మర్నాడు నాలుగున్నరకి కోర్టులో నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఆ మర్నాడూ అంతే.

ఇంట్లో నా భార్య మొత్తం విని ఒకటే అడిగింది. "ఇద్దురికీ నోళ్లు పడిపోయినాయా? నాది అని ఒకరన్నా అంటే సరిపోయేది గదా." అరవకపోవడంలో ఉన్న గొప్ప ఆమెకి ఎట్లా చెప్పను? పొట్లాల దగ్గర అన్న మాట మాత్రం ఆమెకి చెప్పలేదు.

ఏడాదిపాటు అతని మీద కోపంగానే ఉన్నాను. కారణం కూడా నా దగ్గర తయారుగా ఉంది: సరేనన్నాడు. ఆ కోపంలోనే రిటైరయ్యాను. పొద్దుపోక, ఒక వేసవి రోజు ఎనిమిది గంటలకి బంతుల బుట్ట పట్టుకుని కోర్టుకి పోయాను. ఒంటరిగా సర్వీసు కొట్టుకోవాలని. మొదటి బంతిని పైకి విసిరాను. అది నా తల మీది నుంచి సముద్రం వైపు జరిగింది. మళ్లీ విసిరాను. మళ్లీ అటే. తల ఎత్తి చూస్తే సరుగుడు కొనలు తూర్పుకి వంగి ఉన్నాయి. పదకొండేళ్లలో వాటిని నేను అట్లా చూడలేదు.

బుట్ట పక్కన కూర్చున్నాను. వేసవిలో పొద్దునపూట పడమటి గాలి అని మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నాకూ తెలుసు. గొలుసు పట్టుకుని పొలాల్లో ఆ వేడి గాలికి ముఖం కాల్చుకున్నవాణ్ణే. కానీ నేను రాసుకున్నది రోడ్డు, అతను చెప్పింది గాలి. పదకొండేళ్లు రెండూ ఒకటే అయ్యాయి, ఎందుకంటే మేం ఎప్పుడూ సాయంత్రమే ఆడాం. ఆ రోజు గాలి బంతిని నా దగ్గరికే తెచ్చింది. పైగా ఎడమ పక్క నేను, నా ఫోర్‌హ్యాండ్. ఏ లెక్కలో చూసినా ఒకటే తేలుతుంది. ట్యాంకు చూపించినప్పుడు అతను సరేనన్నాడంటే, ఆకు కదలని ఆ వేళకి సరేనన్నాడు. గాలి లేచాక ఇక చెప్పే పని ఉందని అతను అనుకోలేదు, నాకూ తెలిసే ఉంటుందనుకున్నాడు. నా మీద అంత నమ్మకం.

ఆ రోజే మొదటి మెసేజ్ పంపాను. కోర్టు గీసి, గాలికి బాణం వేసి, "మన లెక్క రోడ్డుదా, గాలిదా?" అని అడిగాను. ఆర్నెల్లకి రెండోది పంపాను. అదే బొమ్మ, ఇంకొంచెం శుభ్రంగా గీసి. మూడోసారి బొమ్మ లేకుండా, "చూశావా?" అని మాత్రం రాశాను. చూశాడు. టిక్కులు చెప్పాయి. నేను అడిగినదానికి అవునో కాదో చెప్పడానికి ఒక్క వేలు చాలు. అతను అది కూడా కదపలేదు.

పోయిన చలికాలంలో పని కల్పించుకుని నెల్లూరు వెళ్లాను. అక్కడ కొత్తగా వేసిన రంగు కోర్టుల్లో అతను ఆడుతున్నాడని విన్నాను. కంచె అవతల, మోటారు సైకిళ్లు నిలిపేచోట నిలబడి చూశాను. జుట్టు నెరిసింది. ఆ సర్వీసు మాత్రం ఇప్పటికీ పొట్టకే. వరసగా రెండు బంతులు మూలకి, మూడోది నడుమకి. నా నోటుబుక్కులోని బాణాలు నా కళ్ల ముందు తిరిగాయి. తర్వాత వాళ్ల నడుమకి ఒక బంతి వచ్చింది.

"నాదీ!" అని అరిచాడు.

అతని గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. బాగా కొట్టాడు, పాయింటు వచ్చింది, కొత్త జోడీ వచ్చి అరచేతిలో అరచేయి కొట్టాడు. తర్వాత బంతికి కూడా అరిచాడు. ఆ తర్వాతదానికీ. అందరూ ఆడేట్టే ఆడుతున్నాడు. అందులో తప్పు లేదు. కానీ మేం అట్లా ఆడలేదు. అతను నన్ను చూడకముందే వచ్చేశాను. చూశాడేమో కూడా తెలియదు.

ఇప్పుడు సాయంత్రాలు మా కోర్టులో నేను ఎవరు పిలిస్తే వాళ్లతో ఆడుతున్నాను. కుర్రవాళ్లు గట్టిగా కొడతారు. "అంకుల్, వదిలెయ్!" అని నా చెవిలో అరుస్తారు. తూర్పు గాలి వస్తుంది, బంతి రోడ్డు వైపుకి జరుగుతుంది, వాళ్లు దాని వెంట పరిగెత్తి నా మీద పడతారు. ఆట అయిన వెంటనే ఫోన్లు చూసుకుంటూ పోతారు. సిమెంటు చల్లబడేదాకా కూర్చునేవాడు లేడు. నేను కూర్చుంటాను. మొదటి బంతి నుంచి మళ్లీ ఆడదామంటే, నాకు సగం బంతులు గుర్తుండవు.

నేను ఎవరినీ ఊరికే వదిలే మనిషిని కానని ఊరికంతా తెలుసు. గీత సంగతి ఇంకా అడుగుతూనే ఉన్నాను. దీన్ని కూడా వదలను. అయితే నేను పంపిన మూడు మెసేజ్‌ల్లో అడగవలసింది అడగలేదని ఇది రాస్తుంటే తెలిసింది. గాలా రోడ్డా అని అడిగాను. అది నాకు ముందే తెలుసు. చెప్పవలసింది చెప్పకుండా బొమ్మలు గీశాను.

తమ్ముడూ, ఆ బంతి నాది. పొట్లాల దగ్గర ఆ మాట అన్నది నేను. ఎవరికీ చెప్పనని నీకు మాటిచ్చి, పది మంది నవ్వడానికి చెప్పింది నేను. అప్పుడు నవ్విన వాళ్లు చదవాలనే ఇది అందరి ముందూ రాస్తున్నాను. దీనికి నువ్వు నన్ను క్షమించానని చెప్పాల్సిన పని లేదు, జాలిపడి ఒక మాట రాయాల్సిన పని అంతకన్నా లేదు. నాకు కావలసింది అది కాదు. సాయంత్రం నాలుగున్నరకి కుడి పక్క నిలబడతావా, నిలబడవా? నిలబడనంటే నిలబడనని చెప్పు, వింటాను. చూసి ఊరుకోవద్దు. నాలుగేళ్లు ఊరుకున్నావు, చాలు. ఈసారి జవాబు చెప్పు.